విశాఖ ఎండాకాలం: కూలర్ అక్కడే అమ్మేసి రండి

మీరు అడిగినవి మూడు. ఏప్రిల్ మూడో వారంలో హైదరాబాద్ నుంచి మధురవాడకు మారుతున్నారు, అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు. అమ్మగారికి డెబ్భై దాటాయి, బీపీ ఉంది. ఫోన్‌లో హైదరాబాద్‌కి 41, విశాఖకి 34 చూపిస్తోంది కాబట్టి ఉన్న కూలర్ తెచ్చుకుంటే సరిపోతుందా, ఏసీ కొనాలా అన్నది మొదటిది. ఈసారి ఉష్ణోగ్రతలు సాధారణం కంటే ఎక్కువని వాతావరణ శాఖ అంటోంది కదా, విశాఖలో వేసవి ఎలా ఉండొచ్చు అన్నది రెండోది. సింహాచలం చందనోత్సవానికి అమ్మగారిని తీసుకెళ్లొచ్చా అన్నది మూడోది.

మొదటిదానికి సూటిగా చెప్పేస్తాను. కూలర్ అక్కడే అమ్మేసి రండి. ఒక్క గదికే అయినా ఏసీ పెట్టించండి, ఆ గది అమ్మగారిది అయితే మంచిది. రెండోదానికి మాత్రం కొంచెం పొడుగ్గా చెప్పాలి. విశాఖలో ఎండాకాలాన్ని డిగ్రీలు చూసి అంచనా వేస్తే ప్రతిసారీ లెక్క తప్పుతుంది. ఇక్కడ చూడాల్సింది గాలి ఎటు నుంచి వస్తోందన్నది. నేను పోర్టులో పనిచేసిన రోజుల్లో ఓడల కోసం గాలి దిక్కు, వేగం రోజూ రాసుకునేవాళ్లం. రిటైరయ్యాక కూడా పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ముందు గాలి ఎటుందో చూడటం అలవాటుగా మిగిలిపోయింది.

ముందు ఆ 41, 34 సంగతి. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 20 శాతం దాకా పడిపోతుంది. చెమట పట్టగానే ఆరిపోతుంది, ఆరేటప్పుడు ఒంట్లో వేడి లాక్కుపోతుంది. విశాఖలో సముద్రం మీది గాలి వీచే రోజున 34 డిగ్రీలున్నా తేమ 70 శాతం ఉంటుంది. చెమట కారుతుంది తప్ప ఆరదు. హీట్ ఇండెక్స్ అనే లెక్క ఒకటుంది, వేడిని, తేమను కలిపి ఒంటికి ఎంత తెలుస్తుందో చెబుతుంది. ఆ లెక్కలో 41 డిగ్రీలు, 20 శాతం తేమ అంటే ఒంటికి తెలిసేది కూడా దాదాపు 41. అదే 34 డిగ్రీలు, 70 శాతం తేమ అంటే 46 దాటిపోతుంది. ఇది నీడలో ఉన్న మనిషికి. ఎండలో నిలబడితే ఇంకా ఎక్కువ.

కూలర్ పని చేయకపోవడానికీ ఇదే కారణం. కూలర్ చేసేది నీళ్లను ఆవిరి చేసి గాలిని చల్లబరచడం. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే ఆవిరి అవడానికి చోటు ఉండదు. పై లెక్కల ప్రకారం హైదరాబాద్ గాలిని కూలర్ గరిష్ఠంగా 23 డిగ్రీల దాకా దించగలదు. ఇక్కడి గాలిని 29 కంటే కిందకి దించడం ఏ కంపెనీ కూలర్ వల్లా కాదు. పైగా గదిలో తేమ ఇంకా పెరిగి, గోడలు చెమ్మగిల్లి, పరుపు వాసన కొడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది మొదటి మే నెలలో ఈ పని చేసి, రెండో వారానికి ఏసీ షాపు ముందు క్యూలో కనిపిస్తారు. అప్పటికి బిగించేవాళ్లు దొరకరు. మీరు మార్చిలోనే అడగడం మంచిదైంది.

ఇక గాలి సంగతి. విశాఖలో వేసవి రోజులు రెండు రకాలు. మొదటిది ఉక్క రోజు. పొద్దున సూర్యుడు ఎక్కిన కొద్దీ నేల వేడెక్కుతుంది. సముద్రం అంత త్వరగా వేడెక్కదు. పది, పదకొండు గంటల మధ్య సముద్రం మీద నుంచి గాలి లోపలికి మొదలవుతుంది. అది రాగానే ఉష్ణోగ్రత పెరగడం ఆగిపోతుంది, కొన్నిసార్లు ఒక డిగ్రీ తగ్గుతుంది కూడా. అందుకే ఇక్కడ ఎండ పతాక స్థాయికి చేరేది చాలా రోజులు పన్నెండు లోపే. హైదరాబాద్‌లో లాగా మూడు గంటలకు కాదు. మే నెలలో తీరం దగ్గర గరిష్ఠం 34, 35 దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే. వేసవిలో ఎక్కువ రోజులు ఇలాగే గడుస్తాయి. ఒళ్లు జిడ్డు, చొక్కా వీపుకు అతుక్కుపోవడం, తల మీద ఫ్యాను తిరుగుతున్నా నిద్ర పట్టకపోవడం ఉంటాయి. పెద్దవాళ్లకు ఈ రోజులూ తేలిక కాదు.

రెండోది పడమటి గాలి రోజు. ఛత్తీస్‌గఢ్, తెలంగాణ వైపు నుంచి పొడిగాలి తూర్పు కనుమలు దాటి కిందకి దిగుతుంది. కొండ దిగే గాలి దిగుతూ ఇంకా వేడెక్కుతుంది. ఆ గాలి బలంగా ఉంటే సముద్రపు గాలిని లోపలికి రానివ్వదు. మధ్యాహ్నం రెండు, మూడు దాకా ఎండ ఎక్కుతూనే ఉంటుంది. ఊళ్లో సముద్రం పక్కనున్న వాల్తేరులో నిన్న 34 ఉండి ఇవాళ 39, 40 కనిపిస్తే కారణం ఇదే, సూర్యుడు కొత్తగా ఏమీ చేయలేదు. బాల్కనీలో ఆరేసిన తువ్వాలు చూస్తే తెలిసిపోతుంది. ఉక్క రోజున సాయంత్రానికీ చెమ్మగానే ఉంటుంది. పడమటి గాలి వీస్తే గంటలో గరగరలాడుతుంది. ఈ రోజుల్లో ఒంటికి చెమట పట్టినట్టే తెలియదు, అందుకని మనిషి నీళ్లు తాగడు, వడదెబ్బ ఎక్కువగా తగిలేది ఇలాంటప్పుడే. తమాషా ఏమిటంటే మీ కూలర్ విశాఖలో నిజంగా పని చేసేది కూడా ఈ కొద్ది రోజులే. ఆ నాలుగు రోజుల కోసం దాన్ని లారీ ఎక్కించకండి.

మరి పడమటి గాలి ఎప్పుడొస్తుందో ముందే తెలుస్తుందా? చాలావరకు తెలుస్తుంది. వాతావరణ శాఖ బులెటిన్‌లో వేసవి అంతా "ఉత్తర-దక్షిణ ద్రోణి" అన్న మాట వినిపిస్తూ ఉంటుంది. ఛత్తీస్‌గఢ్ లేదా విదర్భ నుంచి తమిళనాడు దాకా నిలువుగా సాగే గాలుల గీత అనుకోండి. దానికి తూర్పున ఉన్నవాళ్లకు బంగాళాఖాతం నుంచి తేమ గాలి, పడమరన ఉన్నవాళ్లకు లోపలి పొడిగాలి. ఆ ద్రోణి తెలంగాణ మీదో రాయలసీమ మీదో ఉందని చదివితే విశాఖకు ఉక్క, సాయంత్రం మబ్బులు పట్టే అవకాశం. అది తూర్పుకు జరిగి కోస్తా మీదకో సముద్రం మీదకో వచ్చిందంటే మనం దాని పడమటి వైపు పడతాం. అప్పుడిక జాగ్రత్త.

ఇంకో గుర్తు తుఫాను. మే నెలలో బంగాళాఖాతంలో తుఫాను పుట్టిందని టీవీలో చెప్పగానే, వాన పడి చల్లబడుతుందని అందరూ సంతోషిస్తారు. అది మన తీరానికే వస్తే నిజమే. 2022 మేలో అసాని మచిలీపట్నం వైపు వచ్చినప్పుడు విశాఖలోనూ వానలు పడ్డాయి. కానీ ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్, మయన్మార్ వైపు వెళ్లిపోయే తుఫాను మనకు చేసేది చాలాసార్లు కీడే. మన అర్ధగోళంలో తుఫాను చుట్టూ గాలి గడియారం ముల్లుకు ఎదురు దిక్కున తిరుగుతుంది. తుఫాను మనకు తూర్పున, ఈశాన్యాన ఉన్నప్పుడు మనం దాని పడమటి పక్కన ఉంటాం, గాలి ఉత్తరం నుంచి, వాయవ్యం నుంచి, అంటే నేల మీద నుంచి వస్తుంది. ఉన్న తేమ అంతా తుఫాను లాగేసుకుంటుంది. 2023 మే 14న మోచా మయన్మార్ తీరం దాటింది. ఆ వెంటనే కోస్తాలో ఎండలు ఎలా ముదిరాయో ఇక్కడివాళ్లకు గుర్తుండే ఉంటుంది. కాబట్టి "తుఫాను మనకు తప్పింది" అన్న వార్త చదివితే తర్వాతి మూడు నాలుగు రోజులు అమ్మగారిని బయటికి పంపకండి.

వీటన్నిటికన్నా నాకు భయం జూన్ మొదటి పదిహేను రోజులంటే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. మే 25 చుట్టుపక్కల మొదలై మృగశిర వచ్చేదాకా ఉంటుంది అది. ఈ రోజుల్లో పైన నైరుతి రుతుపవనాల పడమటి గాలి బలపడుతుంది, కానీ వాన ఇంకా రాదు. పడమటి కనుమల దగ్గర తేమ దించేసి, దక్కను మీదుగా ఎండి, తూర్పు కనుమలు దిగి మన దగ్గరకు చేరుతుంది. మామూలుగా రుతుపవనాలు జూన్ 1కి కేరళకు, జూన్ రెండో వారానికి మన వైపు వస్తాయి. ఆలస్యమైందా, ఎండ అలాగే సాగుతుంది. 2023లో కేరళకే జూన్ 8న వచ్చాయి, తర్వాత కూడా మన వైపు రావడానికి ఆలస్యం చేశాయి. ఆ జూన్‌లో బడులు తెరిచి కూడా ఒంటిపూట నడిపించాల్సి వచ్చింది. 2025లో అందుకు పూర్తిగా తిరగబడి మే 24కే కేరళను తాకి, రెండు రోజుల్లోనే రాయలసీమలోకి వచ్చేశాయి. ముందే వచ్చాయి కదా అని జూన్ అంతా చల్లగా గడిచిందా అంటే లేదు, మధ్యలో వానలు ఆగిపోయి మళ్లీ ఉక్క. "రుతుపవనాలు వచ్చేశాయి" అన్న వార్త చూసి ఏసీకి కవర్ తొడగొద్దు.

ఏప్రిల్ మాత్రం మీరు అనుకున్నంత చెడ్డగా ఉండదు. మార్చి నుంచి ఇక్కడ తీరానికి సమాంతరంగా నైరుతి గాలి వీస్తుంది. అది పై నీటిని తీరం నుంచి దూరంగా నెడుతుంది, ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. విశాఖ తీరంలో ఇలా జరుగుతుందని 1950లలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేశారు. తీరం పక్కన సముద్రం కాస్త చల్లగా ఉంటుంది కాబట్టి బీచ్ రోడ్డు మీద ఏప్రిల్ సాయంత్రాలు నిజంగానే హాయిగా ఉంటాయి. మీరు ఆ నెలలో దిగితే "ఇదేనా విశాఖ ఉక్క, మనవాళ్లు ఎక్కువ చెప్పారే" అనిపిస్తుంది. మే రెండో వారం దాకా ఆగి అప్పుడు చెప్పండి.

మీ ఇల్లు ఎక్కడుందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. పేపర్లో విశాఖకు రెండు ఉష్ణోగ్రతలు వేస్తారు, వాల్తేరు అని ఒకటి, ఎయిర్‌పోర్టు అని ఒకటి. వాల్తేరు స్టేషన్ సముద్రం పక్కనే ఉంది. ఎయిర్‌పోర్టు యారాడ కొండకు లోపల, చుట్టూ కొండలున్న పల్లంలో ఉంది. ఒకే రోజు రెండింటికీ రెండు మూడు డిగ్రీల తేడా మామూలే, కొన్ని రోజులు ఇంకా ఎక్కువ. ఎన్‌ఏడీ, గోపాలపట్నం, పెందుర్తి, గాజువాక వాళ్లు ఎయిర్‌పోర్టు అంకె చూసుకోవాలి. ఎంవీపీ కాలనీ, లాసన్స్‌బే, చినవాల్తేరు వాళ్లు వాల్తేరు అంకె. మధురవాడ రెండింటికీ మధ్య రకం. సముద్రం దూరం కాదు, కానీ మధ్యలో రుషికొండ వైపు కొండలు అడ్డున్నాయి, వెనక సింహాచలం కొండలు. సముద్రపు గాలి సందుల్లోంచి దూరి వస్తుంది, కాస్త ఆలస్యంగా, బలం తగ్గి. మీది పై అంతస్తు కాబట్టి గాలి వరకు లాభం. తూర్పుకో ఆగ్నేయానికో కిటికీ ఉన్న గది అమ్మగారికి ఇవ్వండి. ఐటీ హిల్స్ వైపు కొత్తగా కట్టిన చోట్ల చెట్టనేది లేదు. ఊళ్లో పాత చెట్లు 2014 హుద్‌హుద్‌లో చాలా పోయాయి, మళ్లీ నాటినవి అంత నీడ ఇచ్చేదాకా ఎదగాలి. పొద్దున ఎనిమిది తర్వాత నడక పెట్టుకోవద్దు.

ఇప్పుడు "సాధారణం కంటే ఎక్కువ" అన్న అంచనా. వాతావరణ శాఖ ఫిబ్రవరి చివర ఒకసారి, మార్చి చివర ఒకసారి వేసవి అంచనా ఇస్తుంది. ఆ మ్యాపులో మన కోస్తా మీద ఎరుపు రంగు ఉంటే సీజన్ మొత్తం సగటు పెరిగే అవకాశం ఎక్కువని మాత్రమే అర్థం. ఏ వారంలో ఎంత ఎండ అన్నది అందులో ఉండదు. పసిఫిక్ సముద్రం మామూలు కన్నా వేడెక్కడాన్ని ఎల్ నినో అంటారు, దాని తర్వాతి వేసవి దేశంలో చాలాచోట్ల ఎక్కువ మండుతుందన్నది నిజమే. 1998, 2010, 2016, 2024 అలాంటివే. 1998లో పక్కనున్న ఒడిశాలో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. అయినా విశాఖ విషయంలో నేను ఆ మ్యాపుకు ఇచ్చే విలువ కొంచెమే. ఇక్కడ సగటు పెరిగితే అర డిగ్రీ, డిగ్రీ. పడమటి గాలి ఒక్క రోజులో ఐదు డిగ్రీలు పెంచేస్తుంది. మీకు పనికొచ్చేది సీజన్ అంచనా కన్నా ఐదు రోజుల అంచనా.

ఇంకో సంగతి, వడగాలి హెచ్చరిక రాలేదు కాబట్టి పరవాలేదు అనుకోకండి. తీరప్రాంతంలో వడగాలి అని ప్రకటించాలంటే గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 37 ఉండాలి, మామూలు కంటే 4.5 డిగ్రీలు పెరిగి ఉండాలి. అదీ ఒక వాతావరణ విభాగంలో కనీసం రెండు స్టేషన్లలో, వరసగా రెండు రోజులు. మామూలుగా 34 ఉండే వాల్తేరులో 38.5 దాటాలన్నమాట. 35 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజు ఈ లెక్కలోకి రానే రాదు, ఒంటికి మాత్రం అది వడగాలి కన్నా తక్కువేం కాదు. ఈ లోపం తెలుసు కాబట్టే వాతావరణ శాఖ 2023 నుంచి ప్రయోగాత్మకంగా హీట్ ఇండెక్స్ కూడా ఇస్తోంది, "వేడి, ఉక్కపోత" అని విడిగా పసుపు హెచ్చరికలూ ఇస్తోంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా ముందు రోజే జాబితా విడుదల చేస్తుంది. అందులో మీ మండలం పేరు వెతుక్కోండి. అనకాపల్లి, విజయనగరం జిల్లాల మండలాలు ఎక్కువ కనిపిస్తే పడమటి గాలి తీరం దాకా వస్తోందని అనుకోవచ్చు.

ఫోన్‌లో చూసేటప్పుడు మూడు అంకెలు చూడండి, గరిష్ఠం వాటిలో లేదు. గాలి దిక్కు: దక్షిణం, నైరుతి, ఆగ్నేయం అయితే ఉక్క, పడమర, వాయవ్యం అయితే ఎండ. రెండోది డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత. తేమ శాతం పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చూపించి తికమక పెడుతుంది, డ్యూ పాయింట్ అలా మారదు. 24 దాటితే జిడ్డు, 27 దాటితే ఊపిరాడనట్టు ఉంటుంది. మేలో ఇక్కడ 26, 27 మామూలే. మూడోది రాత్రి కనిష్ఠం. గాలిలో అంత తేమ ఉంటే రాత్రి కూడా వేడి దిగదు. మే రాత్రులు మామూలుగా 27, 28 కంటే తగ్గవు, స్లాబు వేడి దానికి అదనం. పెద్దవాళ్లను పగటి ఎండ కన్నా వరసగా నాలుగు రాత్రులు నిద్ర లేకపోవడం ఎక్కువ దెబ్బతీస్తుంది. హైదరాబాద్‌లో రాత్రి డాబా మీద పడుకుంటే తెల్లారేసరికి కాస్త చల్లబడుతుంది. ఇక్కడ అలాంటిది ఉండదు.

అందుకే ఏసీ విషయంలో నేను పగలు కన్నా రాత్రి గురించే చెబుతాను. 26 దగ్గర పెట్టి పైన ఫ్యాను మెల్లగా తిప్పండి. తేమ పోతే చాలు, 20 దాకా దించక్కర్లేదు. కరెంటు బిల్లు గురించి టెన్షన్ ఉంటే రాత్రి పది నుంచి తెల్లవారుజాము దాకా వేసుకుని, పగలు ఫ్యానుతో నెట్టుకురావచ్చు. ఉక్క రోజుల్లో ఫ్యాను బాగా పని చేస్తుంది, ఒంటి మీద చెమటను కాస్తయినా ఆరబెడుతుంది. గదిలో 40 దాటే పడమటి గాలి రోజున మాత్రం ఫ్యాను వేడి గాలినే మీదకి కొడుతుంది. అప్పుడు కిటికీలు, కర్టెన్లు మూసి, తడి తువ్వాలు ఒంటికి చుట్టుకుని ఏసీ గదిలో ఉండటమే. ఏసీ కొనేటప్పుడు అవుట్‌డోర్ యూనిట్‌కి కాపర్ కాయిల్ ఉందా, ఉప్పు గాలికి తట్టుకునే పూత ఉందా అని అడగండి. సముద్రం వైపు బాల్కనీలో కాకుండా వెనక గోడకు బిగించమనండి. ఏడాదికోసారి మంచినీళ్లతో కడిగించకపోతే ఇక్కడ తుప్పు పట్టడానికి ఎంతోకాలం పట్టదు.

పై అంతస్తు స్లాబుకు తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించండి, అసోసియేషన్ ఒప్పుకుంటే. కాస్త ఖర్చే, కానీ రాత్రి తేడా తెలుస్తుంది. నీళ్ల సంగతి కూడా దిగేముందే అడిగి తెలుసుకోండి. మే నెలలో బోరు ఎంత వస్తుంది, ట్యాంకర్ ఎవరు తెప్పిస్తారు అని వాచ్‌మన్‌ని అడిగితే ఓనరు చెప్పనివి చెబుతాడు.

అమ్మగారి గురించి. బీపీ మందుల్లో మూత్రం ఎక్కువ పోయే రకం ఉంటే వేసవిలో ఒంట్లో నీరు, ఉప్పు త్వరగా తగ్గుతాయి. ఊరు మారే ముందే డాక్టరుకు చీటీ చూపించి వేసవిలో మోతాదు అలాగే ఉంచాలా అని అడగండి. మీరు సొంతంగా ఆపొద్దు. ఆ వయసులో దాహం తెలియడం తగ్గుతుంది కాబట్టి అడిగినప్పుడు ఇవ్వడం కాదు, గంటకోసారి చేతికివ్వాలి. మజ్జిగ, కొబ్బరి నీళ్లు, సగ్గుబియ్యం జావ ఏదైనా సరే. మా ఉత్తరాంధ్రలో పొద్దున చోడి అంబలి తాగే అలవాటుంది, రాగి జావ అంటే మీకు తెలుస్తుంది. ఉప్పు, ఉల్లిపాయ, కాస్త మజ్జిగ కలిపి ఇచ్చి చూడండి. తాటి ముంజలు ఏప్రిల్ నుంచే బళ్ల మీద వస్తాయి. చేపలు తినేవాళ్లయితే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం, ఆ రెండు నెలలూ తాజా చేప తక్కువ, ధర ఎక్కువ.

మాట తడబడినా, మనిషిని గుర్తుపట్టడంలో తికమకపడినా, ఒళ్లు కాలిపోతున్నా అది నీరసం కాదు, వడదెబ్బ. చెమట పడుతోంది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, ఉక్క ఊళ్లో చెమట పడుతూనే వడదెబ్బ తగలొచ్చు. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపు మెడ, చంకలు, తొడల మధ్య తడి గుడ్డలు పెట్టి ఫ్యాను కింద పడుకోబెట్టండి. తెలివిలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. ఎక్కువమంది కూలి పనులకు వెళ్లినవాళ్లు, ముసలివాళ్లు.

వాన గురించి క్లుప్తంగా. ఏప్రిల్, మే సాయంత్రాల్లో అరకు, పాడేరు వైపు కొండల మీద మబ్బు కట్టి ఉరుములతో తీరం వైపు దిగడం ఉంటుంది. అరగంట ఈదురుగాలి, వాన, తర్వాత రెండింతల ఉక్క. పిడుగులు ఎక్కువ. పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ పెట్టుకోండి, పై అంతస్తు బాల్కనీలో నిలబడి వీడియోలు తీయొద్దు. పిల్లలుంటే రుషికొండ, ఆర్కే బీచ్‌లో నీళ్లలోకి లోతుగా దిగనివ్వకండి. చల్లగా ఉందని దిగినవాళ్లను అలలు లాక్కుపోవడం ఇక్కడ ప్రతి వేసవిలో వినే వార్తే. రెండు రోజులు ఊపిరి పీల్చుకోవాలంటే అరకు ఉంది. 900 మీటర్ల ఎత్తు కాబట్టి ఇక్కడికన్నా చల్లన, ముఖ్యంగా రాత్రిళ్లు. వారాంతంలో వెళ్తే గది దొరకదు.

ఇక చందనోత్సవం. అక్షయ తృతీయ నాడు, అంటే తిథిని బట్టి ఏప్రిల్ మూడో వారం నుంచి మే మధ్యలోపు వస్తుంది. సింహాచలం అప్పన్న నిజరూపం, అంటే చందనం పూత లేని రూపం, ఏడాదిలో ఆ ఒక్క రోజే కనిపిస్తుంది కాబట్టి జనం తెల్లవారుజాము నుంచే కొండ మీద ఉంటారు, క్యూలో గంటల తరబడి నిలబడాలి. కొండ మీద చల్లగా ఉంటుందని కొందరంటారు. అంతమంది మధ్య గాలి ఆడదు, అది ఉక్కలో ఉక్క. అమ్మగారి పట్టుదల నిజరూప దర్శనమే అయితే ముందు రోజు బులెటిన్ చూడండి. గాలి పడమర నుంచి ఉందంటే మానిపించండి. లేదంటే పెద్దవాళ్లకు ఆ ఏడు ఏ ఏర్పాటు చేశారో దేవస్థానం ప్రకటన చూసుకుని, వీలైనంత తొందరగా వెళ్లి, ఎండ ఎక్కకముందే కిందకి దిగేలా చూసుకోండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, నీళ్ల సీసా, తడిపిన చేతిగుడ్డ మీ సంచిలో ఉండాలి. దర్శనమే చాలు, నిజరూపం కాకపోయినా పరవాలేదు అంటే ఇంకో వారం ఆగి, మామూలు రోజున పొద్దున్నే మొదటి బస్సుల్లో కొండెక్కండి. ఎండ ముదరకముందే ఇంటికి వచ్చేస్తారు.